హెడ్డుగారు పుస్తకం వేశారు

హెడ్డుగారికి పుస్తకం రాయాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందో ఆ పుట్టించినవాడికే తెలియాలి. ఉద్యోగం దిగిపోయిన హెడ్ కానిస్టేబులు. మోకాళ్ళకి మందు రాసుకుంటూ, పొద్దున పేపరు తిరగేస్తూ, మధ్యాహ్నం ఓ కునుకు తీస్తూ హాయిగా ఉండొచ్చు, ఎవరొద్దన్నారు? కానీ పోలీసు ఉద్యోగం చేసి దిగినవాళ్ళకి ఓ జబ్బుంది. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నవన్నీ ఒక్కసారిగా పైకి తన్నుకొస్తాయి. ఆయన పై అధికారులు ఒకరి వెనక ఒకరు పుస్తకాలు వేశారు. హెడ్డుగారు వాటిని కొని మరీ చదివారు. ఒకదాంట్లో, తను గోడ దూకి పట్టుకున్న దొంగని అప్పటి ఇన్‌స్పెక్టరు దూకి పట్టుకున్నట్టు రాసుకున్నాడు. "ఈయన గోడ దూకడమా! జీపు దిగాలంటేనే ఇద్దరు పట్టుకోవాలి" అని భార్య మీద అరిచి, ఆ పూట భోజనం కూడా సరిగ్గా చేయలేదు.

అదీ విత్తనం. మర్నాడే "నేనూ రాస్తాను" అన్నారు. భార్య బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండానే, "రాయండి. బతికున్నవాళ్ళ జోలికి మాత్రం పోకండి" అంది. "నీకేం తెలుసు" అన్నారు హెడ్డుగారు. మొగుళ్ళ నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట అదొక్కటేగా.

ఆయనకి స్టేషన్లో ఒక విద్యలో మంచి పేరుండేది. మనిషి ఆనవాళ్ళు రాయడం. తప్పిపోయినవాడు కానీ, పారిపోయినవాడు కానీ, మిగతావాళ్ళు "చామనఛాయ, మధ్యరకం ఎత్తు" అని రాసి చేతులు దులుపుకునేవారు. అలా రాస్తే సగం ఊరు అందులో పడుతుంది. హెడ్డుగారు అలా రాయరు. కుడికాలి చెప్పు లోపలివైపు అరిగి ఉంటుందని రాస్తారు. నవ్వితే పైపెదవి ఒకపక్కకే లేస్తుందని రాస్తారు. ఆ కాగితం జేబులో పెట్టుకున్న కానిస్టేబులు, ఆ మనిషిని పుట్టి బుద్ధెరిగి చూడనివాడు, బస్టాండు జనంలో దూరి "నువ్వేనా" అని భుజం మీద చెయ్యి వేసేవాడు. పక్క స్టేషన్ల వాళ్ళు కూడా కబురుపెట్టి రాయించుకునేవారు. పాపం, ఆ విద్య ఒక్కటే ఆయనది. మిగతావన్నీ పైవాళ్ళు పంచుకున్నారు.

పుస్తకంలో చాలా కేసులున్నాయి కానీ ప్రాణమంతా ఒక్క అధ్యాయంలో పెట్టారు. అది గోదాముల కేసు.

గూడ్సు షెడ్డు వెనక గోదాముల వీధిలో బస్తాల రాజు అని ఒక హమాలీ ఉండేవాడు. మనిషి మంచివాడే. తోటివాళ్ళలో ఎవరికి జబ్బు చేసినా ముందు నిలబడేవాడు. కాకపోతే ఆ మంచితనానికి పెట్టుబడి గోదాముల్లోంచి వచ్చేది. తాళాలు పగలగొట్టేవాడు కాదు, మారుతాళంచెవులు చేయించి తీసేవాడు. చేసిపెట్టేవాడు వీధి చివర తాళాలు బాగుచేసే ఆయన. ఊరందరికీ ఆయన తాళాలాయనే. బస్తాల రాజుకి స్వయానా బావ. భార్య తమ్ముడొచ్చి "బావా, ఇదొక్కటీ చేసిపెట్టు" అంటే ఎలా కాదంటాడు? అలా జరుగుతుండగా ఒకనాడు కాపలా ముసలాయన అడ్డం వచ్చాడు. కొట్టారు. ఆ దెబ్బలకి ముసలాయనకి రెండు కళ్ళూ పోయాయి. ఆయన్ని ఆస్పత్రిలో చూసి వచ్చాక తాళాలాయన ఆకురాయి పక్కన పడేశాడు. తిన్నగా హెడ్డుగారి దగ్గరికి వచ్చి అంతా చెప్పేశాడు.

"కొట్టకండి సార్. రెండ్రోజులు కూచోబెట్టి, భయపెట్టి పంపించెయ్యండి. మా ఆవిడ చంకనేసుకుని పెంచిన తమ్ముడు సార్ వాడు" అన్నాడు.

హెడ్డుగారు మాటిచ్చారు. ఇచ్చేటప్పుడు మనస్ఫూర్తిగానే ఇచ్చారు. కానీ హెడ్ కానిస్టేబులు మాట ఎంతదూరం పోతుంది? బస్తాల రాజు పైవాళ్ళ చేతిలో పడ్డాడు. జైలుకి పోయాడు. అక్కడే జబ్బుచేసి పోయాడు. హమాలీల సంఘం గదిలో వాడి ఫొటో గోడకెక్కింది. పట్టించినవాడెవడో తెలిస్తే పేగులు తీస్తామని ఆ ఫొటో కింద ఒట్లు వేసుకున్నవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో తాళాలాయన భార్య గుండెలు బాదుకుని "ఎవడి నోరు పడిపోను, ఎవడు నాయనా నిన్ను అప్పజెప్పింది" అని ఏడుస్తుంటే, పక్కన కూర్చుని వీపు నిమిరినవాడు తాళాలాయన. ఆ తర్వాత వాళ్ళ కాపురమంతా ఆ నిమరడం మీదే నిలబడింది.

ఇదంతా హెడ్డుగారికి తెలుసు. తెలిసే రాశారు. ఎందుకంటారా? మంచి ఉద్దేశంతోనే రాశారు, ఊళ్ళో సగం కొంపలు మునిగేది దానివల్లే. గోదాముల కేసులో పతకం ఇన్‌స్పెక్టరు ఛాతీకెక్కింది. నిజానికి ఆ దోపిడీలు ఆపింది ఒక తాళాలు బాగుచేసేవాడి మనస్సాక్షి. ఆ మనిషికి ఏనాడూ ఎవరూ దండం పెట్టలేదు, కనీసం ఒక అధ్యాయమైనా దక్కాలి అనుకున్నారు. పేరు మార్చారు. తాళాల పని తీసేసి గొడుగులు బాగుచేసే పని పెట్టారు. వీధి మార్చారు. బావమరిదిని పక్కింటివాణ్ణి చేశారు. ఇన్ని మార్చి, ఇక ఫర్వాలేదని తృప్తిపడి, ఆ గొడుగులాయన ఎలా ఉంటాడో రాయడానికి కలం విదిలించారు.

ఇంక ఆ చెయ్యి ఊరుకుంటుందా? ఎడమచెవి తమ్మె చివర చిరిగి రెండుగా ఉంటుందని రాశారు. కుడిచేతి చూపుడువేలు నడిమి కణుపు దగ్గర బయటికి వంగి, ఎప్పుడూ ఎవరినో చూపిస్తున్నట్టుంటుందని రాశారు. మాట మొదలుపెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుని, మూడోసారి సవరించుకోబోయి మానుకుంటాడని రాశారు. అక్షరం పొల్లు పోలేదు. స్టేషన్లో వేగువాడి పేరు కాగితం మీద పడనీయకూడదని ఆయనకి నేర్పారు, పడనీయలేదు. రూపం కూడా పడనీయకూడదని ఎవరూ నేర్పలేదు, రూపం రాయడమే ఆయన పని కదా. పుస్తకం అచ్చువేసినాయన చదివి, "మిగతావన్నీ అందరూ రాసేవే హెడ్డుగారూ. ఈ గొడుగులాయన మాత్రం కళ్ళముందు నిలబడ్డాడండీ. రోడ్డుమీద కనపడితే పలకరించేస్తాను" అన్నాడు. హెడ్డుగారు ఆ మాటకి పొంగిపోయారు. ఆయన స్థానంలో ఇంకొకడుంటే గుండె ఝల్లుమనేది.

పుస్తకం బయటికొచ్చింది. పేపర్లో నాలుగు ముక్కలు రాశారు. గూడ్సు షెడ్డు దగ్గర టీ బడ్డీలో, చదువొచ్చిన ఒక పాత హమాలీ దాన్ని మిగతావాళ్ళకి పైకి చదివి వినిపించాడు. వీధి పేరు మార్చినా, కాపలా ముసలాయన కళ్ళు పోయిన కేసంటే తమదేనని తెలిసిపోయింది, తమ వీధి కథ పుస్తకంలోకెక్కిందంటే సరదాయే కదా మరి.

ఆ తర్వాత తాళాలాయన హెడ్డుగారి ఇంటికి వచ్చాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడు కలిసినా ఊరవతల, మాటుగా కలిసినవాడు, పట్టపగలు వీధి గుమ్మంలోంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. హెడ్డుగారి భార్య మంచినీళ్ళు తెచ్చి, ఆయన చెవి వంక చూసి, మొగుడి వంక చూసి, లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడా పుస్తకం చదివింది మరి.

"చెవి దాకా చదివేసరికి నవ్వుకున్నారట సార్, ఇదేంటి మన తాళాలాయనలా ఉన్నాడే అని" అన్నాడు తాళాలాయన. "వేలు దగ్గరికొచ్చేసరికి నవ్వాగిపోయిందట. గొంతు సవరించుకోవడం చదివాక, ఆ చదివేవాడు పుస్తకం మూసేశాడట."

"ఎవడన్నా చెయ్యి చేసుకున్నాడా?"

"ఇంకా లేదు సార్. సంఘం వాళ్ళు మా ఆవిడ నోటి వంక చూస్తున్నారు. తమ్ముడు పోయింది దానికి. అది అవునంటే అవును, కాదంటే కాదు. అది నన్ను ఒకటే అడిగింది. నువ్వేనా అంది. కాదన్నాను. అయితే ఆ రాసినాయన్నే వచ్చి నా ముందు చెప్పమను అంది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. వండుతుంది, పెడుతుంది, పక్కకెళ్ళి గోడ వంక తిరిగి కూచుంటుంది." గొంతు సవరించుకోబోయి, గతుక్కుమని ఆగిపోయాడు. ఇప్పుడు అది కూడా భయంగానే ఉంది ఆయనకి. "తన్నులకి నేను భయపడట్లేదు సార్. ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఇన్నేళ్ళు నా పక్కన ఏడ్చిన మనిషి సార్ అది. దానికి తెలిస్తే, ఆ ఏడుపంతా మొదట్నుంచీ మళ్ళీ ఏడవాలి. నన్ను చూసి ఏడవాలి. మీరొచ్చి కాదని చెప్పండి. మీకు దండం పెడతాను."

హెడ్డుగారు లేచారు. లోపలికెళ్ళి ఆ అధ్యాయం తీసి మళ్ళీ చదువుకున్నారు. చదువుతుంటే బయట కుర్చీలో కూర్చున్న మనిషీ, కాగితం మీది మనిషీ ఒక్కరే అయి కనిపించారు. 'ఎంత పని చేశానురా భగవంతుడా' అని అప్పుడు తల పట్టుకున్నారు. చేతులు కాలాక ఆకులు. అచ్చువేసినాయనకి ఫోను చేసి, ఆ పుస్తకాలు వెనక్కి తెప్పించమని బతిమాలారు. "గొడవవుతోందా? అయితే ఇంకా మంచిదండీ, ఇంకోసారి అచ్చువెయ్యాలి" అన్నాడాయన. ఎద్దు పుండు కాకికి ముద్దా? హెడ్డుగారు ఫోను పెట్టేసి చొక్కా తొడుక్కున్నారు.

తాళాలాయన ఇల్లంటే ముందు సగం కొట్టు, వెనక సగం కాపురం. గోడకి తుప్పు పట్టిన తాళాలు, కొక్కేలకి గుత్తులు గుత్తులుగా తాళంచెవులు, కిందంతా ఇత్తడి రజను. లోపలి గదిలో తాళాలాయన భార్య కుర్చీ జరిపి "కూచోండయ్యా" అంది. బక్కపలచటి మనిషి. ఎదురుగా గోడమీద ఆవిడ తమ్ముడి ఫొటో. హెడ్డుగారు అది కనపడకుండా కుర్చీ తిప్పుకుని కూర్చున్నారు. తాళాలాయన గడప మీదే నిలబడిపోయాడు.

"మీ ఆయన కాదమ్మా" అన్నారు హెడ్డుగారు.

"చెవి మా ఆయనదయ్యా. వేలు మా ఆయనది. ఆ దగ్గు మా ఆయనది. మనిషి మాత్రం మా ఆయన కాదంటారు. ఎలాగయ్యా అది?"

దానికి హెడ్డుగారు దారంతా ఆలోచించుకునే వచ్చారు. "అసలు మనిషి ఎవరో తెలియకూడదని పేరూ పనీ మార్చానమ్మా. రూపం కూడా మార్చాలి కదా? మీ కొట్టు ముందునుంచి రోజూ పోయేవాణ్ణి, మీ ఆయన రూపం కళ్ళల్లో ఉండిపోయింది. అదే తెచ్చి తగిలించాను. బుద్ధి తక్కువై చేశాను. తప్పు నాది, ఆయనకి ఏ సంబంధమూ లేదు" అన్నారు. కోర్టు బోనులో చెప్పినట్టే, తడబడకుండా, కళ్ళలోకి చూస్తూ చెప్పారు.

ఆవిడ విన్నది. నమ్మాలనే ఉంది ఆవిడకి, ఆ సంగతి ముఖంలోనే తెలుస్తోంది. ముప్పాతిక నమ్మేసింది కూడా. కానీ అప్పజెప్పింది తన తమ్ముణ్ణి కదా, అంత తేలిగ్గా వదులుతుందా?

"సరే. మా ఆయన కాదు. మరెవరు?"

"అది చెప్పకూడదమ్మా. మా ఉద్యోగధర్మం."

"ధర్మమా!" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "నా తమ్ముణ్ణి మోసుకొచ్చి ఈ అరుగు మీద పడుకోబెట్టినప్పుడు ఎక్కడికి పోయిందయ్యా ఆ ధర్మం? పేరు చెప్పండి. చెప్పకుండా లేచి వెళ్ళారనుకోండి, ఈయనే అనుకుంటాను. అనుకుని ఊరుకోను, ఇప్పుడే సంఘం గదికి పోయి చెప్పొస్తాను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. గడప మీద తాళాలాయన కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడ మీకు స్టేషన్ల సంగతి ఒకటి చెప్పాలి. ఎంత తవ్వినా తేలని దొంగతనాలు కొన్ని మిగిలిపోతుంటాయి. పైనుంచి ఏమయిందని అరుపులు. అప్పుడేం చేస్తారంటే, ఈమధ్య పోయిన దొంగ ఎవడైనా ఉన్నాడా అని చూసి, అవన్నీ వాడి మీద రాసేస్తారు. చచ్చినవాడు కోర్టుకొచ్చి కాదనడు. వాడికి పోయేదీ ఏం లేదు. తప్పని ఎవరికీ అనిపించదు, వేడినీళ్ళకి చన్నీళ్ళు కలుపుకున్నంత మామూలు పని. హెడ్డుగారు అలాంటివి ఎన్ని రాసి ఉంటారో! ఆవిడ అలా నిలదీసేసరికి, ఆలోచన కంటే ముందు అలవాటు పరిగెత్తింది. గోదాముల వీధిలో చచ్చినవాళ్ళలో ఎవరున్నారు?

"కాటా గుమస్తా" అన్నారు.

కాటా గుమస్తా అంటే గోదాముల గేటు దగ్గర బస్తాలు తూకం వేసే పెద్దాయన. పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ అదిరిపడింది. "ఆ పెద్దాయనా? తూకంలో గింజ తేడా రానిచ్చేవాడు కాదే!" అంది.  తర్వాత నెమ్మదిగా, తనలో తను, "అప్పట్లో ఆయన్ని స్టేషనుకి పిలిపించారని అనుకునేవారు... గేటు దగ్గర కూచునేవాడు, ఎవరొచ్చిందీ ఎవరు పోయిందీ అంతా ఆయనకే తెలిసేది..." అంది. మనిషి నమ్మడం మొదలుపెడితే సాక్ష్యాలు తనే వెతుక్కుంటుంది. హెడ్డుగారు ఒక్కటి కూడా అందించనక్కర్లేకపోయింది.

ఆవిడ లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి, గడప మీద నిలబడ్డ మొగుడికిచ్చింది. "నీళ్ళు తాగు. పెదాలెలా ఎండిపోయాయో చూడు" అంది. తాళాలాయన చెంబు కింద పెట్టి, గడప మీదే కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ కూడా ఏడ్చింది. "నిన్ను అనుమానించానయ్యా, నా నోరు పడ" అంటూ ఆయన తల పొట్టకి అదుముకుంది. హెడ్డుగారికి ఆ క్షణంలో ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక కాపురం నిలబెట్టానని మురిసిపోయారు మహానుభావుడు.

వీధి దాకా సాగనంపడానికి వచ్చిన తాళాలాయన, "ఆయన పేరెందుకు చెప్పారు సార్, ఆయనకో కూతురుంది" అన్నాడు. మళ్ళీ తనే, "పోనీలెండి, చచ్చిపోయాడుగా" అన్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా విడిపోయారు.

ఆ తర్వాత హెడ్డుగారు గోదాముల వీధి వైపు పోలేదు. అచ్చువేసినాయన రెండోసారి అచ్చువేశాడు. పెద్ద పుస్తకాల దుకాణంలో అద్దం వెనక నిలబెట్టారు కూడా. హెడ్డుగారు ఆ దుకాణం కనపడితే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవారు. భార్య ఏం జరిగిందని అడగలేదు. అడిగితే బాగుండునని ఆయనకి అనిపించేది, కానీ ఆవిడ అడగలేదు.

ఒక పొద్దున్న తలుపు కొట్టిన చప్పుడైంది. నడివయసు దాటిన ఆడమనిషి. బట్టల నిండా గోనెపీచు, కుడి అరచేతిలో దబ్బనం పోటుకి గట్టిపడ్డ కాయ. "నేను కాటా గుమస్తా కూతుర్ని సార్" అంది. హెడ్డుగారు చేతిలో పేపరు పక్కన పెట్టి, కూర్చోమన్నారు. ఆమె చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీలో కాకుండా తలుపు పక్కన స్టూలు మీద కూర్చుంది.

"గొడవకి రాలేదు సార్. గోదాముల వరండాలో సంచులు కుడతాను నేను. మా నాన్న ఉన్నప్పట్నుంచీ అక్కడే. ఇప్పుడు నాకెవరూ సంచులివ్వట్లేదు. మొన్న నా కుట్టుమిషను ఎత్తి రోడ్డు మీద పడేశారు. తాళాలాయన భార్య నన్ను చూసి ఉమ్మేసింది. అక్కా, అక్కా అని ఆవిడ చుట్టూ తిరిగినదాన్ని సార్ నేను." చీరకి అంటిన పీచు ఒక్కొక్కటే పీకి అరచేతిలో పెట్టుకుంటోంది. ఆ ఇంటి నేల పాడవుతుందని కాబోలు. "మిషను తీసుకుని వేరే ఊరు పోతున్నాను. సంచులు ఎక్కడైనా చిరుగుతాయి కదా."

"నేను సంఘం దగ్గరికొచ్చి..." అని మొదలుపెట్టారు హెడ్డుగారు.

"వద్దు సార్. మీరొచ్చి మా నాన్న కాదంటే, మరెవరంటారు. ఇంకెవరి మెడకో చుట్టుకుంటుంది. అందుకు రాలేదు." ఆమె తలెత్తింది. "ఆ రోజు మా నాన్నని స్టేషనుకి తీసుకెళ్ళారు. బుగ్గ వాచిపోయి ఇంటికొచ్చాడు. మా అమ్మ అడిగితే, కొట్టారే, కానీ నేను చెప్పలేదు అన్నాడట. మా అమ్మ పోయేదాకా ఆ మాటే చెప్పుకునేది. మేం లేనివాళ్ళం సార్. మాకు మిగిలిందల్లా ఆ మాటే. వీధంతా ఒకటై చెప్పినా నేను నమ్మలేదు. మీ నోటితో వినాలని వచ్చాను. మా నాన్న చెప్పలేదు కదా? నాకొక్కదానికి చెప్పండి. మా నాన్న మీద ఒట్టు, బయట ఎవరితోనూ అనను."

హెడ్డుగారి కుడిచెయ్యి కుర్చీ చేతి మీద ఉంది. ఆ బుగ్గ మీద పడింది ఆ చెయ్యే. తాళాలాయన రాకముందు, గోదాముల దోపిడీలు చేస్తున్నది ఎవరో చెప్పమని కాటా గుమస్తాని కూర్చోబెట్టింది ఆయనే. "తెలుసు సార్, కానీ చెప్పను. కూలివాళ్ళ ఉసురు పోసుకోలేను" అన్నాడు ఆ పెద్దాయన. లాగి కొట్టారు. ఊడిన కళ్ళజోడు నేల మీద వెతుక్కుని, తుడిచి పెట్టుకుని, మళ్ళీ "చెప్పను సార్" అన్నాడు. ఆ స్టేషన్లో ఆయన చూసిన మనుషులందరిలో, నోరు విప్పనివాడు ఆ ఒక్కడే. అంతమంది చచ్చినవాళ్ళుండగా ఆ రోజు ఆ పేరే నోటికెందుకొచ్చిందంటే ఏం చెప్తాం? గుచ్చుకున్న ముల్లు చోటునే కదా చెయ్యి తడుముతుంది.

'చెప్పలేదమ్మా' అన్న మాట నాలుక చివరికొచ్చింది. ఒక్క మాట. దానికి పోయేదేముంది? కానీ హెడ్డుగారు ఒట్లు విని విని పండిపోయిన మనిషి. ఇవాళ నిజంగానే ఒట్టు వేస్తుంది. రేపు ఎవడో ఆమె తండ్రిని తిడతాడు, రోషం ఆగదు, "రాసినాయనే నాతో చెప్పాడు" అనేస్తుంది. అది నడిచి నడిచి తాళాలాయన గడపలోకి వస్తుంది. ఆ ఇంటావిడ మళ్ళీ మొగుడి వంక చూస్తుంది. రెండు ఇళ్ళల్లో ఒకటి కూలక తప్పదు. ఒకటి ఎలాగూ కూలింది. హెడ్డుగారు ఇలా లెక్క వేసుకున్నారు. ఆ లెక్క తప్పని నేను అనలేను, ఒప్పని అనడానికి నోరు రావట్లేదు.

"చెప్పాడమ్మా" అన్నారు.

ఆమె కదల్లేదు. "లేదు సార్" అంది. చిన్నగా నవ్వింది కూడా. "మీరు ఎవరినో కాపాడుతున్నారు. నాకు తెలుస్తోంది. ఫర్వాలేదు, నేను అడగను. మా నాన్న సంగతి ఒక్కటి చెప్పండి చాలు."

ఎంత దగ్గరికి వచ్చేసిందో చూడండి.  ఆమె ఆ నమ్మకంతో ఆ గుమ్మం దాటిందంటే, ఎప్పటికో ఒకప్పటికి వెతికి పట్టుకుంటుంది. ఆ నమ్మకాన్ని ఎలా చంపాలో ఆయనకి బాగా తెలుసు.

"బూడిదరంగు చొక్కా వేసుకున్నాడు మీ నాన్న" అన్నారు. "పై గుండీ ఊడిపోతే తెల్లదారంతో కుట్టి ఉంది. కళ్ళజోడు ఎడమ కాడకి నల్లదారం చుట్టుకున్నాడు. ఒక దెబ్బ కొట్టాం. కొట్టాక కింద పడ్డ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ముందు కుడి అద్దం, తర్వాత ఎడమది. పెట్టుకున్నాక, కింది పెదవి పళ్ళతో పట్టుకుని కాసేపు నేల వంక చూశాడు. అప్పుడు చెప్పాడు. గేటు దగ్గర గుర్తుగా ఈల వేసి లోపలికి పోయేవాళ్ళెవరో, బస్తాల రాజు పేరుతో సహా చెప్పాడు."

అందులో చివరి రెండు ముక్కలు తప్ప మిగతాదంతా నిజం. ఆమెకి ఆ గుండీ తెలుసు. ఆ తెల్లదారం కుట్టింది తనే కాబోలు. కళ్ళజోడు తుడిచేటప్పుడు ముందు కుడి అద్దమే తుడిచేవాడని ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికి తెలుస్తుంది? ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. అరచేతిలో పోగుచేసిన పీచు జారి నేలమీద పడింది. లోపలి గదిలో హెడ్డుగారి భార్య చేస్తున్న పని చప్పుడు ఆగిపోయింది.

"అయితే మా అమ్మకి కూడా అబద్ధమే చెప్పాడన్నమాట" అంది.

హెడ్డుగారు తల ఊపారు. ఆమె లేచి, వంగి పడిపోయిన పీచంతా ఏరుకుని గుప్పిట్లో పట్టుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.